మొదటి ఉద్యోగం సరే, రెండోది ఎక్కడ? వరంగల్ నుంచి చూసిన వికేంద్రీకరణ చర్చ

హైదరాబాద్ చుట్టూ రెండు వలయాలు ఊహించుకుందాం. ఒకటి ఇప్పటికే ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. రెండోది చౌటుప్పల్, భువనగిరి, గజ్వేల్, సంగారెడ్డి మీదుగా రావాల్సిన రీజినల్ రింగ్ రోడ్డు. 2025 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ముందుపెట్టిన 'తెలంగాణ రైజింగ్ 2047' ఆలోచన రాష్ట్రాన్ని ఈ రెండు వలయాలతో మూడు భాగాలు చేసింది. ఔటర్ లోపల ఉన్నది అసలు నగరం, దానికి 'క్యూర్' అని పేరు. రెండు రింగుల మధ్య ఉన్నది నగర శివారు, అది 'ప్యూర్'. రీజినల్ రింగ్ అవతల ఉన్నదంతా 'రేర్', అంటే గ్రామీణ వ్యవసాయ ప్రాంతం. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిపోయిన మన నగరం ఈ మూడో భాగంలో పడుతుంది.

దానికి కాస్త ముందే, నవంబరులో, 'హిల్ట్' విధానం వచ్చింది. ఔటర్ లోపలి పాత పారిశ్రామికవాడల భూములు, దాదాపు 9,300 ఎకరాలు, ఇళ్లకూ ఆఫీసులకూ వాడుకోవచ్చని, పరిశ్రమలు బయటికి వెళ్లాలని దాని సారాంశం. ఈ రెండూ వచ్చాక వికేంద్రీకరణ అన్న మాట టీవీ చర్చల్లోనూ టీకొట్ల దగ్గరా బాగా వినపడుతోంది. కానీ ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడుతున్నారు. ముందు ఆ చిక్కు విప్పాలి.

## ఒకే మాట, నాలుగు అర్థాలు

మొదటిది పాలనా వికేంద్రీకరణ. అంటే ఆఫీసులు, అధికారాలు జనానికి దగ్గరగా రావడం. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కి చేరాయి. పాత వరంగల్ జిల్లా నుంచే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, తర్వాత ములుగు వచ్చాయి. 2021లో హనుమకొండ, వరంగల్ అనే పేర్లతో నగరమే రెండు జిల్లాల్లోకి చేరింది. ములుగు రైతుకు కలెక్టరేట్ దగ్గరైంది, అది నిజమైన మేలు. కానీ కలెక్టరేట్ వచ్చినంత మాత్రాన ఫ్యాక్టరీ రాదు.

రెండోది నగరం లోపలి సర్దుబాటు. 2020 చివర్లో వచ్చిన 'గ్రిడ్' విధానం ఇలాంటిదే. మాదాపూర్, గచ్చిబౌలి వైపు పేరుకుపోయిన ఐటీ కంపెనీలను ఉప్పల్, కొంపల్లి వంటి దిక్కులకు తిప్పడం దాని ఉద్దేశం. హైదరాబాద్ ట్రాఫిక్‌కు ఇది మందు కావచ్చు. కరీంనగర్‌కు దీనితో సంబంధం లేదు.

మూడోది పరిశ్రమల వికేంద్రీకరణ: కొత్త ఫ్యాక్టరీలు, ఆఫీసులు రాజధానికి దూరంగా పెట్టించడం.

నాలుగోది జనాభా వికేంద్రీకరణ. ఇది ప్రభుత్వం చేతిలో ఉన్న పని కాదు. దేశంలో ఎక్కడైనా తిరిగే, స్థిరపడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. ఫలానా ఊళ్లో ఉండమని ఎవరినీ ఆదేశించలేరు. జనం పని వెంట, బడి వెంట, ఆసుపత్రి వెంట వెళ్తారు. అందుకే మూడోది జరిగితే నాలుగోది దానంతట అదే జరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది అంత తేలిగ్గా జరగదు. ఎందుకన్నదే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం.

## హైదరాబాద్ తర్వాత ఎవరు?

2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కాబట్టి 2011 లెక్కలే ఇంకా ఆధారం. శివార్లతో కలిపి హైదరాబాద్ జనాభా అప్పటికి సుమారు 77 లక్షలు. రెండో స్థానంలో ఉన్న వరంగల్ సుమారు 7.6 లక్షలు. నిజామాబాద్, కరీంనగర్ చెరి మూడు లక్షల దగ్గర. అంటే రెండో నగరం మొదటి దానిలో పదో వంతు. రాష్ట్రంలోని మూడున్నర కోట్ల మందిలో ఐదుగురికి ఒకరికి పైగా హైదరాబాద్‌లోనే ఉన్నారు.

తమిళనాడుతో పోల్చి చూద్దాం. చెన్నై సుమారు 87 లక్షలు, కోయంబత్తూరు 21 లక్షలు, మదురై 14 లక్షలకు పైన, తిరుచ్చి 10 లక్షలు. అక్కడ రెండో నగరం మొదటి దానిలో నాలుగో వంతు. చెన్నై పెద్దదే, కానీ ఒంటరి కాదు.

ఒక దేశంలో, రాష్ట్రంలో ఒకే నగరం మిగతావాటికి అందనంత పెద్దదైతే భూగోళ శాస్త్రవేత్తలు దాన్ని 'ప్రైమేట్ సిటీ' అంటారు. 1939లో మార్క్ జెఫర్సన్ అనే అమెరికన్ పెట్టిన పేరు అది. ఇక్కడ ఒక్క సంగతి మరిచిపోకూడదు. హైదరాబాద్ మూడున్నర కోట్ల రాష్ట్రానికి రాజధానిగా పెరగలేదు. నిజాం రాజ్యానికి, ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాజధానిగా పెరిగింది. పెద్ద రాష్ట్రం కోసం కుట్టిన చొక్కా చిన్న రాష్ట్రానికి మిగిలింది.

## జీతం తేడా కాదు, రెండో ఉద్యోగం తేడా

హనుమకొండలో ఇంజనీరింగ్ పూర్తిచేసిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. అంకెలు ఉదాహరణకే.

హైదరాబాద్‌లో ఆమెకు 35,000 జీతం. తిండితో కలిపి హాస్టల్‌కు 9,000, ఆఫీసుకు రానుపోను 2,500, పైఖర్చులు 6,000, నెలలో రెండుసార్లు ఇంటికి రావడానికి 1,500. ఖర్చు 19,000. మిగిలేది 16,000.

అదే మన ఊరి శివార్లలోని మడికొండ ఐటీ పార్కులో 26,000 జీతం అనుకుందాం. ఇంట్లో 5,000 ఇస్తుంది, స్కూటీ పెట్రోలు 1,500, పైఖర్చులు 4,000. ఖర్చు 10,500. మిగిలేది 15,500.

రెంటికీ తేడా నెలకు 500 రూపాయలు. అమ్మానాన్నల దగ్గర ఉండొచ్చు, ట్రాఫిక్ టెన్షన్ లేదు. ఈ లెక్క చూస్తే ఎవరైనా ఇక్కడే ఉండాలి. మరి ఆదివారం సాయంత్రం హనుమకొండ బస్టాండులో, కాజీపేట స్టేషన్‌లో బ్యాగులతో ఆ రద్దీ ఏమిటి?

మూడేళ్లు గడవనిద్దాం. హైదరాబాద్ అమ్మాయి పక్క బిల్డింగులోని ఇంకో కంపెనీకి మారి 60,000 అడుగుతుంది. మడికొండ అమ్మాయికి ఏటా పది శాతం పెంచినా జీతం 34,600 దగ్గర ఆగుతుంది. ఎందుకంటే మారడానికి పక్క బిల్డింగ్ లేదు. రేపు ఆ కంపెనీ సెంటర్ మూసేస్తే? పెళ్లయ్యాక భర్తకు కూడా ఇక్కడే ఉద్యోగం కావాలంటే? ఈ ప్రశ్నలకు జవాబు లేకనే మనవాళ్లు బస్సెక్కుతున్నారు.

కంపెనీ వైపు నుంచి చూసినా ఇంతే. అనుభవం ఉన్న పదిమందిని వారంలో తీసుకోవాలంటే హైదరాబాద్‌లో దొరుకుతారు, ఇక్కడ ఒక్కొక్కరినీ తయారుచేసుకోవాలి. పనిచేసేవాళ్లు ఉన్నచోటికి కంపెనీలు, కంపెనీలు ఉన్నచోటికి పనిచేసేవాళ్లు. ఒకరి వెంట ఒకరు వచ్చి ఒకచోట పోగవుతారు. దీన్నే అర్థశాస్త్రంలో కేంద్రీకరణ లాభాలు అంటారు. పెద్ద నగరాలు ఎవరి కుట్ర వల్లా పెరగవు, ఈ పద్ధతిలోనే పెరుగుతాయి.

2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ మడికొండకు వచ్చినప్పుడు చాలా ఇళ్లలో ఆశ పుట్టింది. ఆ తర్వాత కరీంనగర్, సిద్దిపేట, నిజామాబాద్‌లలోనూ ఐటీ టవర్లు లేచాయి. వీటన్నింటిలో కలిపి ఎన్ని ఉద్యోగాలు వచ్చాయన్న దానికంటే, ఒక టవర్‌లో పని పోయిన మనిషికి అదే ఊళ్లో ఇంకోటి దొరుకుతుందా అన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

## వెనుకబడిన జిల్లా సబ్సిడీ పటాన్‌చెరు దగ్గరే ఎందుకు ఆగింది

ప్రభుత్వాలు ఊరికే కూర్చోలేదు. 1977 డిసెంబరు పారిశ్రామిక విధానం పది లక్షలు దాటిన మహానగరాల్లో, ఐదు లక్షలు దాటిన పట్టణాల్లో కొత్త పరిశ్రమలకు లైసెన్సులు ఇవ్వబోమని చెప్పింది. 1991 విధానంలో లైసెన్సులు చాలావరకు పోయినా, పది లక్షలు దాటిన నగరాల పొలిమేర నుంచి 25 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు కూడదన్న షరతు ఉండిపోయింది. మరోవైపు వెనుకబడిన జిల్లాల్లో పెట్టే పరిశ్రమలకు రాయితీలు ఇచ్చారు.

మెదక్ అలాంటి జిల్లా. రాయితీ జిల్లా మొత్తానికీ వర్తిస్తుంది. మరి పారిశ్రామికవేత్త ఎక్కడ పెడతాడు? జిల్లాలో హైదరాబాద్‌కు అన్నిటికంటే దగ్గరున్న అంచున. పటాన్‌చెరు, బొల్లారం అలా పెరిగాయి. రాయితీ వెనుకబడిన జిల్లాది, మార్కెట్టూ మేనేజర్ల ఇళ్లూ హైదరాబాద్‌వి. జిల్లా లోపలి మండలాలకు ఉద్యోగాలు పెద్దగా చేరలేదు. నక్కవాగు వెంబడి పల్లెల చెరువులకూ బోర్లకూ మాత్రం రసాయనాలు చేరాయి. ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఇప్పుడు 'హిల్ట్' వల్ల బయటికి వచ్చే యూనిట్లు ఎక్కడికి వెళ్తాయో ఊహించడానికి ఈ అనుభవం పనికొస్తుంది. ఎవరూ పట్టించుకోకపోతే అవి రెండు రింగుల మధ్యే ఆగుతాయి. దాన్ని నగరం ఉబ్బడం అనాలి, వికేంద్రీకరణ అనడం సరికాదు.

## 1930ల్లో మొదలైన రెండు పత్తి నగరాలు

1934లో ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు మొదలైంది. ఆయన పెద్దకొడుకు ఆజం జా పేరు పెట్టారు. చుట్టూ పత్తి, పక్కనే కాజీపేట జంక్షన్. వేలమంది కార్మికులు. మిల్లు సైరన్‌తో ఊరి రోజు నడిచేదని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు.

దాదాపు అదే సమయంలో, 1930ల మొదట్లో, నీలగిరిలోని పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరుకు చేరింది. అక్కడా చుట్టూ పత్తి. చౌకగా కరెంటు రాగానే మిల్లుల మీద మిల్లులు లేచాయి. వాటిని పెట్టినవాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడే నాయుడు కుటుంబాలవాళ్లే.

తేడా ఎక్కడ వచ్చింది? వరంగల్‌లో ఒక్క మిల్లు, దానికి యజమాని మొదట సర్కారు, చివర్లో కేంద్ర ప్రభుత్వ జౌళి కార్పొరేషన్. కోయంబత్తూరులో ఎన్నో మిల్లులు, ఎందరో యజమానులు. మిల్లుకు మోటారు కావాలి, రిపేరు చేసేవాడు కావాలి, విడిభాగాలు పోతపోసేవాడు కావాలి. అలా ఫౌండ్రీలు వచ్చాయి, వ్యవసాయ పంపుసెట్ల తయారీ వచ్చింది, 1951లో పీఎస్‌జీ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. 1962లో మిల్లులకు యంత్రాలు చేసే లక్ష్మీ మెషిన్ వర్క్స్ వచ్చింది. పక్కనే తిరుప్పూరు బనియన్ల ఊరుగా ఎదిగింది. ఒక మిల్లు మూతపడితే అందులోని ఫిట్టర్ పంపుల ఫ్యాక్టరీకి వెళ్లాడు.

ఇక్కడ 2002లో ఆజంజాహీ మూతపడినప్పుడు ఫిట్టర్‌కు వెళ్లే చోటు లేదు. మిల్లు భూముల్లో ఇళ్ల ప్లాట్లు వెలిశాయి. నేతపని తెలిసిన కుటుంబాలు అప్పటికే సూరత్, భివండి, షోలాపూర్ దారి పట్టి ఉన్నాయి.

చదువు లేక ఇలా అయిందని అనలేం. దేశంలో మొదటి ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి నిట్, 1959లో వరంగల్‌కే వచ్చింది. అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ. అరవై ఏళ్లకు పైగా మనం ఇంజనీర్లను తయారుచేసి రైలెక్కిస్తున్నాం. కాలేజీ పక్కన వాళ్లకు పనిచ్చే చిన్నా పెద్దా కంపెనీల వరుస లేకపోవడం నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం.

## ఒక్క చిమ్నీ మీద బతికిన ఊళ్లు

ఉత్తర తెలంగాణ మ్యాపులో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. బోధన్‌లో నిజాం షుగర్స్, ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని పేరు, 2015లో ఆగిపోయింది. మంగపేట మండలం కమలాపురంలో రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ 2014లో మూతపడింది. కాగజ్‌నగర్ పేపర్ మిల్లు కూడా 2014లోనే ఆగి, చేతులు మారి, 2018లో తిరిగి నడిచింది. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడితే, దాని స్థానంలో కొత్త ప్లాంటు ఉత్పత్తి మొదలుపెట్టేసరికి 2021 వచ్చింది. మధ్యలో ఒక తరం పెరిగి పెద్దదైంది.

ఇవన్నీ వికేంద్రీకరణకు మంచి ఉదాహరణల్లానే మొదలయ్యాయి. రాజధానికి దూరంగా, ముడిసరుకు దగ్గర, పెద్ద ఫ్యాక్టరీ. కానీ క్వార్టర్లు, బడి, బజారు, బస్సు అన్నీ ఒకే చిమ్నీకి కట్టేసి ఉన్నాయి. అది ఆరిపోతే ఊరు ఆరిపోయింది. బయ్యారం ఉక్కు ఫ్యాక్టరీ కోసం అడిగేటప్పుడు కూడా ఈ అనుభవం గుర్తుండాలి. విభజన చట్టం పదమూడో షెడ్యూలులో దాని సాధ్యాసాధ్యాలు చూడమని ఉంది, అడగడం మన హక్కు. ఉక్కు ఒక్కటే వస్తే మాత్రం ఇంకో చిమ్నీ ఊరు అవుతుంది.

## హైదరాబాద్‌ను పెరగనివ్వాలన్న వాదనలో బలం

ఈ వాదనను కొట్టిపారేయకూడదు. రైతుభరోసా అయినా, పింఛను అయినా, మన జిల్లాల ఆసుపత్రి అయినా, ఆ డబ్బులో పెద్ద వాటా హైదరాబాద్, రంగారెడ్డి చుట్టుపక్కల పుట్టే పన్నులదే. ఆ ఇంజను వేగం తగ్గిస్తే మిగతా జిల్లాలకు పంచడానికి ఉండేదీ తగ్గుతుంది. అంతర్జాతీయ కంపెనీ హైదరాబాద్ వద్దనుకుంటే వరంగల్‌కు రాదు, బెంగళూరుకో పుణెకో పోతుంది. మెట్రో, మురుగునీటి శుద్ధి లాంటివి జనం ఒత్తుగా ఉన్నచోట తలకు తక్కువ ఖర్చులో పడతాయి.

బలవంతం పనిచేయదనడానికి దక్షిణ కొరియా ఉంది. సియోల్ భారం తగ్గించాలని 2012 నుంచి మంత్రిత్వ శాఖలను సెజోంగ్ అనే కొత్త నగరానికి మార్చారు. అయినా ఆ దేశ జనాభాలో సగానికి పైగా ఇప్పటికీ సియోల్ ప్రాంతంలోనే ఉంది.

చిన్న నగరమైతే బాగుంటుందన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. 2020 ఆగస్టులో హనుమకొండ, వరంగల్ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నాలాలు, చెరువు శిఖం (చెరువులో నీళ్లు నిలిచే) భూములు ఆక్రమించి కట్టడంలో మనం హైదరాబాద్‌కు తీసిపోలేదు. సదుపాయాలు లేకుండా జనాన్ని పెంచితే అదే కష్టం ఇక్కడికీ వస్తుంది.

## దూరాన్ని ఎవరు మోస్తున్నారు

ఇటువైపు వాదన కూడా సెంటిమెంటు కాదు, దానికీ లెక్క ఉంది. 2015 నుంచి హైదరాబాద్ గోదావరి నీళ్లు తాగుతోంది. అవి ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా పైపుల్లో, ఎత్తు మీదికి తోడుకుంటూ వెళ్తాయి. ఆ తోడే కరెంటుకు బొగ్గు మళ్లీ గోదావరిఖని వైపుదే. నగరం ఇంకా పెరిగితే నీళ్లు ఇంకా దూరం నుంచి రావాలి. ఈ ఖర్చు హైదరాబాద్‌లో ఫ్లాటు కొనేవాడి బిల్లులో కనిపించదు, అందరం కలిసి కడతాం.

పైగా పోటీ ఎప్పుడూ సమానంగా లేదు. వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయం నిజాం కాలం నాటిది, 1981 దాకా వాడుకలో ఉంది. శంషాబాద్ విమానాశ్రయం ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న షరతు పెట్టారు. మామునూరు ఆ వలయంలో పడింది. శంషాబాద్ సంస్థ అభ్యంతరం లేదని ఒప్పుకున్నాక 2025 ఫిబ్రవరిలో గానీ కేంద్రం అనుమతి రాలేదు. వరంగల్‌కు ఇన్నేళ్లు విమానం రాకపోవడానికి మార్కెట్ ఒక్కటే కారణం కాదు, కాగితం మీద రాసుకున్న నిబంధన కూడా కారణం. కేంద్రీకరణ సహజమన్నప్పుడు ఇలాంటి నిబంధనలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

## ఒక చొక్కా లెక్క

గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. 2023లో కేంద్రం పీఎం మిత్ర పథకంలో చేర్చింది. వాడిన ప్లాస్టిక్ సీసాల నుంచి నూలు తీసే గణేశా, పిల్లల బట్టలు కుట్టే కేరళ సంస్థ కిటెక్స్, కొరియా కంపెనీ యంగ్‌వన్ వచ్చాయి. ఇక్కడ చొక్కాలు కుట్టడం గిట్టుబాటవుతుందా? మళ్లీ ఉదాహరణ అంకెలే.

కుట్టేవాళ్లు ఇంటి నుంచే వస్తారు కాబట్టి నగరం కంటే నెలకు 2,000 తక్కువ జీతానికి ఒప్పుకుంటారనుకుందాం. మనిషికి రోజుకు 15 చొక్కాల చొప్పున 26 రోజులకు 390. అంటే చొక్కాకు సుమారు 5 రూపాయలు ఆదా. హైదరాబాద్ దాకా అదనపు లారీ కిరాయి కంటెయినర్‌కు 20,000 అయితే, అందులో 20,000 చొక్కాలు పడితే, చొక్కాకు ఒక్క రూపాయి. చూశారా, దూరం అసలు సమస్య కాదు.

ఇప్పుడు 40 మిషన్ల లైనులో కాజాలు కుట్టే మిషన్ ఆగిందనుకుందాం. తిరుప్పూరులో మెకానిక్ గంటలో వస్తాడు. ఇక్కడ హైదరాబాద్ నుంచి రావాలి, రోజు పోతుంది. రోజుకు 500 కూలి చొప్పున 40 మందికి 20,000 నష్టం. నెలలో రెండుసార్లు జరిగితే 40,000, నెల ఉత్పత్తి మీద పంచితే చొక్కాకు ఇంచుమించు 3 రూపాయలు. ఐదులో ఒకటీ మూడూ పోగా మిగిలింది ఒక్క రూపాయి. ఆ మెకానిక్, అతని విడిభాగాల షాపు వరంగల్‌లోనే ఉంటే ఆ మూడూ పోవు, నాలుగు రూపాయలు మిగులుతాయి. సబ్సిడీ పెద్ద యూనిట్‌కే ఇవ్వాలా, ఆ షాపు పెట్టే కుర్రాడికి కూడా ఇవ్వాలా అన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది. ఏనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చే పత్తి ఇక్కడే నూలు, గుడ్డ, చొక్కా అయ్యే వరుసలో ప్రతి మెట్టూ ఒక రెండో ఉద్యోగం.

పార్కు మొదలైనప్పుడు చెప్పిన పెద్ద ఆశ, సూరత్, భివండి వెళ్లిన నేతన్నలను వెనక్కి రప్పించడం. అక్కడ ఒక చిక్కు ఉంది. వాళ్లు మరమగ్గం నడిపినవాళ్లు. కుట్టుపని యూనిట్లు ఎక్కువగా యువతులను తీసుకుంటాయి. నేత యూనిట్లు రాకుండా కుట్టు యూనిట్లే వస్తే ఇంట్లో కూతురికి పని దొరుకుతుంది, తండ్రికి దొరకదు. సూరత్‌లో ఆ తండ్రికి ఒక సేటు దగ్గర కుదరకపోతే వీధి చివర ఇంకో సేటు ఉన్నాడు, పిల్లలకు కార్పొరేషన్ వారి తెలుగు మీడియం బడి కూడా ఉంది. సంగెం వైపు తిరిగి రావాలా వద్దా అని ఆ ఇంట్లో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు, నెల జీతం ఎంత అన్న మాట తర్వాత వాళ్లు అడిగేది ఇదే: అక్కడ ఈ ఒక్క కంపెనీయేనా, ఇంకేమైనా ఉన్నాయా?